పొద కలబంద పుష్యమాసంలో పూయాలంటే

కలబందను గుమ్మానికి తలకిందులుగా వేలాడదీస్తే, చుక్క నీరు పోయకపోయినా అది నెలల తరబడి పచ్చగా ఉండటం మనమందరం చూసినదే. అందువల్లనేమో, ఆ జాతి మొక్క ఏదైనా దానంతట అదే బతుకుతుందన్న ధీమా మనలో పాతుకుపోయింది. ఆ ధీమాతోనే పొద కలబందను తెచ్చి నాటిన పాఠకులు ఈ మధ్య వరసగా ఉత్తరాలు రాస్తున్నారు. వాటిని కలిపి చదివితే ఒక సంగతి తేటతెల్లమవుతుంది: ఈ మొక్కను చాలామంది బతికించగలుగుతున్నారు గాని, దాని ఏడాది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో గమనించకపోవడం వల్ల పూయించలేకపోతున్నారు. జవాబులలో నేను ‘పొద కలబంద’ అంటున్నది వృక్షశాస్త్రజ్ఞులు అలో ఆర్బొరెసెన్స్ అని పిలిచే మొక్కను.

ప్రశ్న: బెంగళూరులోని మా బావగారి ఇంట్లో ఎర్రటి పూలతో నిండి ఉన్న కలబంద పొదను చూసి ఒక కొమ్మ తెచ్చుకున్నాను. ఇది మనం జుట్టుకు రాసుకునే కలబందేనా? మా ఊరి ఎండకు తట్టుకుంటుందా? ఎలా నాటాలి?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: రెండూ దగ్గరి చుట్టాలే గాని ఒకటి కాదు. మన కలబంద నేలనంటి కుదురుగా పెరిగి, చుట్టూ పిలకలు వేసి, సాధారణంగా పసుపురంగు పూలు పూస్తుంది. పొద కలబందకు మాను ఉంటుంది; అది కొమ్మలుగా చీలి, ప్రతి కొమ్మ చివర వంపు తిరిగిన సన్నని ఆకుల గుత్తిని మోస్తుంది. ఆకుల అంచులకు రంపపు పళ్ల వంటి ముళ్లుంటాయి. బాగా కుదురుకున్న పొద రెండు మూడు మీటర్ల ఎత్తుకు, దాదాపు అంతే వెడల్పుకు పెరుగుతుంది. లండన్‌లోని చెల్సీ ఔషధ వనానికి ప్రధాన తోటమాలిగా ఉన్న ఫిలిప్ మిల్లర్ 1768లో దీనికి ‘చెట్టులా పెరిగేది’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. పేరు చూసి చెట్టవుతుందని ఎదురుచూడకండి, అది పొదగానే ఉంటుంది.

దీని పుట్టినిల్లు దక్షిణాఫ్రికా. కేప్ ద్వీపకల్పం నుంచి తూర్పు తీరం వెంబడి, ఉత్తరాన మలావీ వరకు, సముద్రపు ఒడ్డు మొదలుకొని కొండ శిఖరాల దాకా ఇది సహజంగా కనిపిస్తుంది. అక్కడివారు దీనిని ‘క్రాంట్జ్ అలో’ అంటారు. క్రాంట్జ్ అంటే నిటారు రాతి కొండచరియ. మీరు నాటేముందు గుర్తుంచుకోవలసినది ఆ కొండచరియనే. అక్కడ వాన బాగా పడినా నీరు వేళ్ల దగ్గర నిలవదు, రాళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మీ అనంతపురం, అక్కడి గరప నేల, ఈ మొక్కకు కోస్తా జిల్లాల కంటె ఎంతో అనుకూలం.

గుంత లోతుగా తవ్వవద్దు. నేలకు అడుగు ఎత్తున దిబ్బ కట్టి, రెండు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు ముతక ఇసుక లేదా సన్న కంకర, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, దానిమీద నాటండి. నల్లరేగడి నేల ఉన్నవారికి ఈ దిబ్బ తప్పనిసరి. పొదకూ పొదకూ మధ్య కనీసం ఐదడుగుల ఎడం ఉంచండి. ఇప్పుడు అది ఎక్కువగా తోచినా, నాలుగేళ్ల తరువాత చాలదనిపిస్తుంది. వానలు తగ్గుముఖం పట్టే ఆశ్వయుజ, కార్తీక మాసాలు నాటడానికి అన్నిటికంటె మంచి అదను. వేళ్లు పట్టేదాకా వారానికొకసారి, ఆ పైన నేలలోని మొక్కకు పొడి రోజులలో పదిహేను రోజులకొకసారి నీరు పోస్తే సరిపోతుంది.

ప్రశ్న: మా మేడ మీద పద్నాలుగు అంగుళాల కుండీలో ఈ మొక్క నాలుగేళ్లుగా ఉంది. ఆకులు దట్టంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. నెలకొకసారి వర్మీకంపోస్టు వేస్తాను, ప్రతి ఏటా దసరాకు ముందు మేడ శుభ్రం చేసేటప్పుడు కొమ్మల చివర్లు కత్తిరించి పొదను గుండ్రంగా ఉంచుతాను. ఒక్క పువ్వూ పూయలేదు. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబు ఉంది. మీరు ప్రతి ఏటా దసరాకు ముందు కత్తిరించి పారేస్తున్నది ఆ సంవత్సరపు పూలనే.

ఈ మొక్కకు పూకాడ కొమ్మ చివరనున్న ఆకుల గుత్తిలోంచి తప్ప మరెక్కడినుంచీ రాదు. గుత్తిని కోసివేస్తే, కింద నుంచి రెండు మూడు కొత్త చిగుళ్లు వచ్చి పొద గుబురవుతుంది, చూపుకు బాగుంటుంది; కాని ఆ లేత చిగుళ్లకు పూత పట్టే వయసు వచ్చేసరికి మళ్లీ దసరా వస్తుంది, మళ్లీ మీ కత్తెర వస్తుంది. మల్లెకు, మందారానికి అలవాటు పడిన చేయి దీనికీ అదే వైద్యం చేస్తుంది; ఆ రెండూ కొత్త కొమ్మల మీద పూసేవి కనుక అక్కడ మేలు చేసిన కత్తెర ఇక్కడ కీడు చేస్తుంది.

దీని ఏడాదిని ఇలా ఊహించుకోండి. దక్షిణాఫ్రికాలో ఇది మే నుంచి జూలై వరకు పూస్తుంది, అంటే అక్కడి చలికాలంలో. భూమధ్యరేఖకు ఇవతలనున్న మనకు ఆ చలికాలం డిసెంబరు, జనవరి నెలలలో వస్తుంది. మీ నగరంలో కార్తీకం దాటాక రాత్రులు చల్లబడి, పగలు పొట్టివై, ఎండ మాత్రం నిర్మలంగా కాసే రోజులు పూకాడ లేవడానికి తోడ్పడతాయి. అంటే పూత కోసం మొక్క సిద్ధపడవలసిన కాలం వానాకాలపు చివరి నుంచి కార్తీకం వరకు. ఆ కాలమంతా కొమ్మల చివర్లు చెక్కుచెదరకుండా ఉండాలి. కత్తిరించి తీరాలనుకుంటే పూలు వాడిన వెంటనే, మాఘం చివర గాని ఫాల్గుణంలో గాని కత్తిరించండి. అప్పుడు వచ్చే చిగుళ్లకు ముదరడానికి ఎనిమిది నెలలైనా గడువు దొరుకుతుంది. అప్పుడు కూడా అన్ని కొమ్మలనూ ఒకేసారి కత్తిరించకుండా, మూడింట ఒక వంతుకు మించనీయకండి.

వర్మీకంపోస్టు విషయానికి వస్తే, నెలకొకసారి అన్నది ఈ మొక్కకు విందు భోజనం. ఆ నిగనిగలు నత్రజని ఇచ్చినవి. తొలకరిలో ఒక గుప్పెడు, వానలు తగ్గాక ఒక గుప్పెడు చాలు. ఆ తరువాత పూత ముగిసేవరకు ఏమీ వేయవద్దు. ఇక ఎండ సంగతి మీరు రాయలేదు. మేడ మీద నీళ్ల ట్యాంకు నీడన గాని, పచ్చని షేడ్‌నెట్ కింద గాని కుండీ ఉన్నట్లయితే, చలికాలంలో రోజుకు కనీసం ఆరు గంటలు సూటిగా ఎండ తగిలే చోటికి మార్చండి. షేడ్‌నెట్ మండువేసవిలోనే, అదీ మధ్యాహ్నం పూట అవసరం.

ఈ ఏడాది దసరాకు ఇల్లంతా శుభ్రం చేసుకోండి, ఈ కుండీని మాత్రం తాకకండి.

ప్రశ్న: ఏప్రిల్ వచ్చేసరికి ఆకులు ఇటుక రంగుకు తిరిగి, లోపలికి ముడుచుకుంటున్నాయి. తెగులా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తెగులు కాదు. తీవ్రమైన ఎండకు, నీటి కొరతకు గురైనప్పుడు ఈ మొక్క ఆకులలో ఎర్రని వర్ణకాలు పెరుగుతాయి. ఎండ తగిలే మేరను తగ్గించుకోవడానికి ఆకులు లోపలికి ముడుచుకుంటాయి. 44 డిగ్రీల ఎండలో అది పెరుగుదలను ఆపి, ఉన్న నీటిని కాపాడుకుంటూ కూర్చుంటుంది. దానిని చూసి జాలిపడి రోజూ బిందెడు నీళ్లు పోయడమే అసలు ప్రమాదం. వేడెక్కిన తడిమట్టిలో వేళ్లు ఉడికినట్లవుతాయి. వారం పది రోజులకొకసారి సాయంత్రం చల్లబడ్డాక పోయండి. ఎర్రబారిన ఆకులు వానలు మొదలయ్యాక మళ్లీ పచ్చబడతాయి. ఆకు మీద తెల్లటి లేదా గోధుమరంగు పొడిమచ్చ ఏర్పడితే మాత్రం అది ఎండకు కాలిన గాయం. ఆ మచ్చ పోదు, మొక్కకు దానివల్ల ఇంకే హానీ లేదు.

ప్రశ్న: నాలుగు వారాల ముసురు తరువాత మా పొద మొదలు మెత్తబడి, దుర్వాసన వస్తోంది. పైన కొమ్మలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. కాపాడుకోగలమా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మొదలును కాపాడలేము, కొమ్మలను కాపాడగలము. ఆలస్యం చేయకుండా ఈరోజే కోయండి.

స్పిరిటుతో తుడిచిన పదునైన కత్తితో, ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల పొడవున కొమ్మలను కోసి, కోతభాగాన్ని పరిశీలించండి. లోపల శుభ్రంగా, లేతరంగులో ఉంటే మంచిది. మధ్యలో గోధుమరంగు చుక్క కనిపించినా ఇంకొంచెం పైకి కోయండి, కత్తిని ప్రతిసారీ తుడవండి. అడుగునున్న నాలుగైదు ఆకులు తీసివేసి, వానజల్లు తగలని, గాలి ఆడే నీడలో కొమ్మలను ఆరనివ్వండి. కోసిన చోట పొర గట్టిపడటానికి పొడి వాతావరణంలో వారం చాలు; మీ తీరప్రాంతపు ఉక్కలో పది పన్నెండు రోజులైనా పడుతుంది. ఆరేటప్పుడు నిలువుగా ఉంచండి. పడుకోబెడితే చివర్లు వెలుతురు వైపు వంకర తిరుగుతాయి, ఆ వంకర ఇక పోదు. తరువాత ముతక ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిలో రెండు మూడు అంగుళాల లోతున గుచ్చి, పుల్లతో ఊతమిచ్చి, వారంపాటు నీరు పోయకుండా వదిలేయండి. మూడు నాలుగు వారాలలో వేళ్లు వస్తాయి.

మొదటిసారి నేను శ్రావణమాసంలో పది కొమ్మలు కోసి, పచ్చిగాయాలు ఆరకముందే తడిమట్టిలో గుచ్చాను. గులాబీ కొమ్మలు నాటినంత తేలికనుకున్నాను. ఎనిమిది కుళ్లిపోయాయి. మిగిలిన రెండూ అరుగు మీద మరిచిపోయినవి. నెల తరువాత చూస్తే మట్టి తగలకుండానే చిన్న వేళ్లు తొడిగి ఉన్నాయి. మీ ఊరిలో దీనిని నేలలో కంటె, అడుగున పెద్ద రంధ్రాలున్న మట్టికుండీలో పెంచి, ఆషాఢం నుంచి ఆశ్వయుజం వరకు చూరు కింద ఉంచడమే మేలు. మీ రాత్రులు హైదరాబాదులో కంటె వెచ్చగా ఉంటాయి కనుక పూత కూడా అక్కడికంటె పలుచగా ఉండవచ్చు.

ప్రశ్న: ఇది పూసిన ఏడాదే చచ్చిపోతుందని, ఇంట్లో ఉంచడం మంచిది కాదని మా పెద్దమ్మ పట్టుబడుతోంది. పూకాడ ఇప్పుడే లేచింది. తీసివేయమంటారా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వద్దు. మీ పెద్దమ్మగారు చెప్పినది ఈ మొక్క గురించి కాదు, పొలాల గట్ల మీద, రైలు కట్టల పక్కన కనిపించే కిత్తనార గురించి. కొన్నిచోట్ల రాకాసి మట్టలని కూడా అంటారు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ మొక్క ఏళ్ల తరబడి బలం కూడగట్టుకొని, ఒక్కసారి స్తంభమంత పూకాడ వేసి, పూత ముగిశాక తల్లిమొక్కగా చచ్చిపోతుంది. పెద్దమ్మగారు చూసింది నిజమే, మొక్కే వేరు. ఆకు విరిచి తేడా చూపించండి: కిత్తనార ఆకు నిండా తాళ్లు పేనడానికి పనికొచ్చే గట్టి నార ఉంటుంది, పొద కలబంద ఆకు మెత్తని గుజ్జుతో పుటుక్కున విరుగుతుంది. మీ పొద పూసిన తరువాత కూడా బతికి, వచ్చే ఏడు మళ్లీ పూస్తుంది.

ప్రశ్న: మూడేళ్లుగా బాగా పూస్తోంది. తేనెపిట్టలు కూడా వస్తున్నాయి. కాయలు మాత్రం ఒక్కటీ నిలవడం లేదు.
— ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: ఈ జాతి మొక్కలు చాలావరకు తమ పుప్పొడితో తాము కాయలు కాయవు, వేరొక మొక్క పుప్పొడి కావాలి. మీ ఇంట్లో ఐదు పొదలున్నా అవన్నీ ఒకే కొమ్మ నుంచి వచ్చినవైతే, మొక్క దృష్టిలో అవి ఒక్కటే. విత్తనం కావాలంటే వేరే చోటినుంచి వచ్చిన మరో పొద దగ్గరలో పూయాలి. పక్కనే మరో రకం అలో పూస్తూ ఉంటే సంకర విత్తనం ఏర్పడవచ్చు. ఆ మొలకలు తల్లిని పోలి ఉంటాయన్న భరోసా లేదు. పూల కోసమే పెంచేవారికి కొమ్మ చాలు. పొట్టిపగళ్ల ఎండలో ఆ నారింజ రంగు గొట్టపు పూలకు తేనెపిట్టలు తలకిందులుగా వేలాడటం చూడగలుగుతున్నారు, మీరు అదృష్టవంతులు.

ప్రశ్న: కాలిఫోర్నియాలో మేము కొన్న ఇంటి ముందు ఆరడుగుల పొద కలబంద ఉంది. ఈ చలికాలం ఆకుల మొదళ్లలోను, పూకాడల మీద కూడా పులిపిరుల వంటి, కాలీఫ్లవర్‌ను పోలిన గడ్డలు లేచాయి. కలబంద రసం కారినట్టు లేదు, పురుగూ కనిపించదు.
— ఒక పాఠకురాలు, శాన్ డియేగో

జవాబు: మీ వర్ణన అలో నల్లి చేసే పనికి సరిగ్గా సరిపోతోంది. ఇది మామూలు ఎర్రనల్లి కాదు. కంటికి ఆననంత చిన్నది, నాలుగు కాళ్లే ఉండే పురుగు. అది ఆకుల సందుల్లో చేరి రసం పీల్చేటప్పుడు మొక్క కణజాలం అదుపు తప్పి పెరుగుతుంది. అందుకే తోటమాలులు దీనిని ‘అలో క్యాన్సర్’ అంటారు. నల్లి చచ్చినా ఆ గడ్డ తిరిగి మామూలు ఆకు కాదు. కనుక గడ్డలున్న భాగాన్ని, దానికింద బాగున్నట్లు కనిపించే నాలుగంగుళాల కొమ్మతో సహా కోసి, సంచిలో కట్టి చెత్తలో వేయండి. కంపోస్టు గుంతలో వేయవద్దు. ఈ నల్లి గాలితో కొట్టుకుపోయి పక్క మొక్కలకు అంటుకుంటుంది కనుక గాలి లేని ఉదయం పూట ఈ పని చేయండి. ప్రతి కోతకూ కత్తిని స్పిరిటుతో తుడవండి. మందు కొట్టాలనుకుంటే మీ కౌంటీలోని విశ్వవిద్యాలయ విస్తరణ కేంద్రాన్ని అడిగి, అక్కడ అనుమతి ఉన్న మందునే వాడండి. సగానికిపైగా గుత్తులకు పట్టి ఉంటే, మనసు కష్టపెట్టుకోకుండా పొదను మొత్తంగా తీసివేయడమే ఇరుగుపొరుగు తోటలకు మీరు చేయగల మేలు.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది పిండినల్లి, పొలుసు పురుగు. పాత పళ్లబ్రష్షును సబ్బునీటిలో ముంచి రుద్ది, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బుద్రవం కలిపి సాయంత్రం పూట చల్లితే లొంగుతాయి.

ప్రశ్న: దీని గుజ్జును కలబంద గుజ్జులాగా ఉదయాన్నే తాగవచ్చా? జపానులో తింటారని చదివాను.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తాగవద్దు. జపానులో దీనిని ‘కిదాచి అలో’ అంటారు, ఇంటి వైద్యంలో దానికి ‘వైద్యుడితో పనిలేనిది’ అన్న పేరు కూడా ఉన్నమాట నిజమే. కాని సన్నని ఈ ఆకులో గుజ్జు తక్కువ, తోలుకింద ఊరే పసుపుపచ్చని చేదు పాలు ఎక్కువ; వంటింట్లో ఆ రెండింటినీ వేరుచేయడం మన కలబందలో కంటె కష్టం. ఆ పాలలోని అలోయిన్ బలమైన విరేచనకారి. అలో పాలతో చేసిన విరేచన మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మడాన్ని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2002లో నిలిపివేసింది. గర్భిణులు, పిల్లలు దీని జోలికి అసలే పోకూడదు. కుక్కలు, పిల్లులు నమిలినా వాంతులు, విరేచనాలు అవుతాయి. ఇది పూల మొక్క. అలాగే ఉండనివ్వండి.

ప్రశ్న: మా ముత్తాతలు చెరకు తోటల పనికి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వచ్చిన తెలుగువారు. మా పెరటి కంచె అంతా ఈ మొక్కే, జూన్‌లో ఎర్రగా మండిపోతుంది. జనవరిలో అనకాపల్లి దగ్గరి బంధువుల ఇంటికి వెళ్తున్నాం. నాలుగు కొమ్మలు పెట్టెలో పెట్టుకొని తీసుకురావచ్చా?
— ఒక పాఠకురాలు, డర్బన్

జవాబు: అమ్మా, తీసుకురావద్దు. మన కలబంద ఒక్కదానిని మినహాయించి, అలో జాతులన్నీ అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కింద ఉన్నాయి. దేశం దాటించాలంటే అనుమతి పత్రం కావాలి. దానికి తోడు, 2003 నాటి మొక్కల దిగుమతి నియంత్రణ ఉత్తర్వు ప్రకారం భారతదేశంలోకి తెచ్చే మొక్కకు దిగుమతి అనుమతి, తెగుళ్లు లేవన్న ధ్రువీకరణ ఉండాలి. పైన శాన్ డియేగో పాఠకురాలికి చెప్పిన నల్లి ఇటువంటి కొమ్మలతోనే ఒకచోటి నుంచి మరోచోటికి చేరుతుంది కనుక, ఈ నిబంధనను నేను తప్పుపట్టలేను.

మీ కంచె గురించి మాత్రం ఇంకొంత చెప్పాలని ఉంది. మీ చుట్టుపక్కల జులూ తెగవారు ‘ఇంకలానె’ అని పిలిచే ఈ మొక్కను అక్కడి పల్లెవాసులు పశువుల దొడ్ల చుట్టూ సజీవమైన కంచెగా నాటేవారు. దొడ్లు పాడుబడి, పశువులు పోయి, మనుషులు వెళ్లిపోయిన చోట కూడా ఆ అలో వలయాలు నిలిచి, పాత దొడ్డి ఎక్కడుండేదో ఇప్పటికీ చూపుతున్నాయట. మన రాయలసీమలో కిత్తనార కంచెలు చూసినవారికి ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు.

మీ బంధువులకు కడియం నర్సరీలలో అడగమని చెప్పండి. పేరు చెబితే మామూలు కలబందనే చేతిలో పెట్టే అవకాశం ఉంది కనుక, మాను, కొమ్మలు, కొమ్మ చివర ఆకుల గుత్తి కనిపించే మొక్కనే తీసుకోమనండి. ఇక్కడి మొక్క జూన్‌లో పూయలేదని మాత్రం వారిని తొందరపెట్టకండి. మీకు ఆషాఢంలో పూసేది వారికి పుష్యంలో పూస్తుంది. మీరు జనవరిలోనే వస్తున్నారు కనుక, మదనపల్లె వైపు వెళ్లే వీలుంటే మీ పెరటి పూలనే ఇక్కడ మరోసారి చూడవచ్చు.